వడదెబ్బ జాగ్రత్తల పక్కన రేడియేటర్‌కూ కాస్త చోటివ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను కావలిలో రేడియేటర్ మెకానిక్‌ని, అంటే బండి ఇంజిన్‌ను చల్లబరిచే రేడియేటర్లు బాగుచేస్తాను. పదో తరగతి తప్పాక 1991లో నెల్లూరులో ఒక షెడ్డులో పనికి చేరాను. సొంత షాపు పెట్టుకుని 24 ఏళ్లయింది. రోజూ పొద్దున మీ పేపరు చదివాకే షట్టరు ఎత్తుతాను. రోహిణి కార్తె దగ్గర పడుతుంటే ప్రతి ఏడూ మీరు వడదెబ్బ జాగ్రత్తలు వేస్తారు. మజ్జిగ తాగండి, తలకు గుడ్డ కట్టుకోండి, మిట్టమధ్యాహ్నం బయటికి పోవద్దు అని. ఆ ముక్క కత్తిరించి షాపులో గోడకు అంటిస్తాను. దాన్ని చూసే మా కుర్రాళ్లు మధ్యాహ్నం పనిలో రెండుసార్లు మజ్జిగ తాగుతారు. ఈసారి ఆ జాగ్రత్తల పక్కనే కార్ల గురించి కూడా నాలుగు మాటలు వేయమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే ఈ మే నెలలో జరిగింది చెప్పాలి.

ఒక ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ఫోన్ వచ్చింది. "అన్నా, బండి ఆగిపోయింది, బానెట్ సందుల్లోంచి పొగ వస్తా ఉంది, చిన్నబిడ్డ ఉంది మాతో" అన్నాడు ఆ అబ్బాయి. ఉలవపాడు దాటి, తెట్టు దగ్గర హైవే మీద ఉన్నారు. ఒక క్యాను నీళ్లు, టూల్ కిట్టు మోటర్ సైకిల్ మీద పెట్టుకుని పోయాను. రోడ్డు మీద గాలి మొహానికి కొడుతుంటే పొయ్యి ముందు కూర్చున్నట్టుంది.

నేను పోయేసరికి కారు ఎడమ పక్కన ఉంది. అందులో వచ్చినవాళ్లు మాత్రం అక్కడ లేరు. కాస్త దూరంలో మామిడికాయలు అమ్ముకునే ఒక అమ్మ పట్టా కట్టుకుని కూర్చుని ఉంటే అందరూ ఆ నీడలో ఉన్నారు. ఆ అబ్బాయి భార్య ఒళ్లో ఎనిమిది నెలల బిడ్డ. బిడ్డ ఏడవడం లేదు, అదే నాకు భయం వేసింది. మొహం ఎర్రగా అయిపోయి కళ్లు సగం మూసుకుని ఉంది. ఆ మామిడికాయల అమ్మ తన చెంగు తడిపి బిడ్డ కాళ్లూ చేతులూ తుడుస్తా ఉంది. పక్కన ముసలామె గోనెపట్టా మీద పడుకుని ఉంది. నన్ను చూసి, "నాయనా, ముందు బిడ్డను పంపీ, బండి సంగతి తర్వాత చూడు" అంది. అటుగా పోయే కారును ఆపి తల్లినీ బిడ్డనూ ముసలామెనూ కావలి ఆస్పత్రికి పంపాం. సాయంత్రానికి బిడ్డ పాలు తాగింది. ముసలామెకు సెలైన్ ఎక్కించారు. ఇద్దరూ బాగున్నారు. అయినా ఆ మధ్యాహ్నం నుంచి నాకు మనసులో ఒకటే. నా పని బండ్లను బాగుచేయడం అనుకుంటూ ఇన్నేళ్లు గడిపాను. ఈ ఎండల్లో బండి ఆగడమంటే అందులో ఉన్న మనుషులను రోడ్డు మీద నిలబెట్టడమే కదా.

బండి సంగతి చూద్దామని బానెట్ ఎత్తాను. కింది హోస్ పైపు, అంటే రేడియేటర్ నుంచి ఇంజిన్‌కు నీళ్లు పోయే రబ్బరు గొట్టం, క్లిప్పు దగ్గర వేలు పొడవున చీలి ఉంది. రేడియేటర్‌కు నీళ్లందించే రిజర్వు డబ్బాలో చుక్క లేదు. "లైటు ఎప్పుడు వెలిగింది?" అని అడిగాను. ఆ అబ్బాయి చెప్పింది విని తల పట్టుకున్నాను. ఉలవపాడు దాటగానే టెంపరేచర్ ముల్లు పైకి పోయిందట. ఏసీ ఆపాడట. కాసేపటికి ముల్లు దానంతట అదే కిందికి దిగిందట. "చల్లబడింది కదా, కావలి దగ్గరే కదా అని పోనిచ్చాను అన్నా" అన్నాడు.

ఇది అందరూ తెలుసుకోవాల్సిన సంగతి. ముల్లును కదిలించే సెన్సార్ నీళ్లలో మునిగి ఉంటేనే సరిగ్గా చెబుతుంది. నీళ్లన్నీ కారిపోయి ఆ చోట గాలీ ఆవిరీ మిగిలితే అది తప్పు చెప్పొచ్చు. ఇంజిన్ మాడిపోతుంటే ముల్లు మాత్రం కిందికి దిగుతుంది. పైకి పోయిన ముల్లు కారణం లేకుండా చటుక్కున దిగిందంటే అది చల్లబడినట్టు కాదు, నీళ్లు అయిపోయినట్టు అనుకోవాలి. ఇప్పుడు చాలా కార్లలో ఆ ముల్లు కూడా లేదు. చల్లగా ఉంటే నీలం లైటు, వేడెక్కితే ఎర్ర లైటు, అంతే. ఎర్ర లైటు వెలిగేసరికే ఆలస్యం అయి ఉంటుంది కాబట్టి అది వెలిగాక ఇంకో ఊరి దాకా పోదామనే ఆలోచనే రాకూడదు.

ఆ కారును క్రేన్ మీద షాపుకు తెచ్చాం. ఇంజిన్ పని చేసే నా స్నేహితుడు హెడ్, అంటే ఇంజిన్‌కు పై మూతలా ఉండే భాగం, విప్పి, దాని మీద ఉక్కు స్కేలు నిలబెట్టి వెనకనుంచి టార్చి వేశాడు. స్కేలు కింద సన్నటి వెలుతురు గీత కనిపించింది. అల్యూమినియం హెడ్ వేడికి వంగిపోయిందన్నమాట. దాన్ని మిషన్ మీద చదును (ఫేసింగ్) చేయించి, హెడ్ కింద లీకు కాకుండా వేసే గ్యాస్కెట్ మార్చి, ఆయిలు మార్చి, రేడియేటరూ వాటర్ పంపూ చూసి ఇచ్చేసరికి ఆ కుటుంబానికి 42 వేలు అయింది. చీలిన హోస్ ఖరీదు 700 రూపాయలు. ఉలవపాడు మామిడి అంగళ్ల దగ్గరే ఎక్కడో నీడ చూసుకుని ఆపి ఉంటే ఆ 700తోనే పోయేది.

ఎండాకాలంలోనే ఎందుకు ఇలా అవుతుందని చాలామంది అడుగుతారు. ఇంజిన్ మామూలుగా పనిచేసేటప్పుడు లోపలి నీళ్లు ఎప్పుడూ 90, 95 డిగ్రీల దగ్గరే ఉంటాయి. రేడియేటర్ ఆ వేడిని బయటి గాలికి వదలాలి. జనవరిలో గాలి 28 డిగ్రీలు ఉంటే రెండింటి మధ్య తేడా 67. మే నెలలో గాలి 44 ఉంటే తేడా 51. అంటే అదే రేడియేటర్, అదే ఫ్యాన్, కానీ వదిలే వేడి నాలుగో వంతు తగ్గిపోతుంది. దానికి తోడు ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ రేడియేటర్‌కు ముందు ఉంటుంది కాబట్టి అది వదిలిన వేడిగాలే రేడియేటర్‌కు వస్తుంది. కాగిన తారురోడ్డు సెగ కింది నుంచి. చలికాలమంతా సగం మూసుకుపోయిన రేడియేటర్‌తో కూడా బండి నడిచిపోతుంది. జబ్బు అప్పుడే ఉంటుంది, బయటపడేది మే నెలలో. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లు "నిన్నటిదాకా బాగానే ఉందన్నా" అంటారు. వాళ్లు చెప్పేది నిజమే.

ఇక మూత సంగతి. ఇది నా ఒంటి మీద రాసి ఉన్న పాఠం. 1992 మే నెల, నాకు పదిహేడేళ్లు. నెల్లూరు షెడ్డుకు ఒక అంబాసిడర్ ట్యాక్సీ బుసలు కొడుతూ వచ్చింది. డ్రైవరుకు తొందర, స్టేషన్‌లో ఎవరినో దింపాలి. "మూత తియ్ అబ్బయ్యా, నీళ్లు పోసుకుని పోతా" అన్నాడు. మా ఉస్తాద్ లోపల టంకం పెడుతున్నాడు. నేను తడిగుడ్డ వేసి మూత పట్టుకుని పావు చుట్టు తిప్పాను. అంతే. పసుపు రంగు నీళ్లు ఆవిరితో కలిసి నిలువెత్తు లేచాయి. మణికట్టు నుంచి మోచేయి దాకా, దవడ కింద కాస్త. ఉస్తాద్ పరుగెత్తుకొచ్చి నా చేతిని కుళాయి కింద పెట్టి, ఎంత ఏడ్చినా వదల్లేదు. ఎవరో సిరా తెచ్చారు, ఎవరో టూత్‌పేస్టు తెచ్చారు. ఆయన వాటిని విసిరికొట్టి, "నీళ్లే, ఇంకేం వద్దు" అన్నాడు. ఇరవై నిమిషాలు పారే నీళ్ల కింద చెయ్యి ఉంచి ఆ తర్వాత ఆస్పత్రికి తీసుకుపోయాడు. ఇప్పటికీ ఆ చెయ్యి మీద వెంట్రుకలు మొలవవు. కానీ చెయ్యి పనిచేస్తుంది, అది ఆయన చలవే.

ఆ మూత మామూలు మూత కాదు. లోపల స్ప్రింగు ఉంటుంది. చాలా మూతల మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది చూడండి. లోపలి ఒత్తిడి అంతకు చేరేదాకా అది తెరుచుకోదు. ఒత్తిడి పెరిగితే నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరగవు, 120 దాకా నీళ్లుగానే ఉంటాయి. కుక్కర్‌లో అన్నం తొందరగా ఉడకడానికి కారణం ఇదే. ఆ స్థితిలో మూత తీస్తే ఒత్తిడి ఒక్కసారిగా పోతుంది, లోపలి నీళ్లలో కొంత ఆ క్షణాన్నే ఆవిరిగా మారి మిగతా మరిగే నీళ్లను మొహం మీదికి తోస్తుంది. ఆవిరి దిగకుండా కుక్కర్ మూత తీయకూడదని ఇంట్లో ఆడవాళ్లందరికీ తెలుసు. కానీ హైవే మీద బండి ఆగితే మగవాళ్లు చేసే మొదటి పని తువ్వాలు తీసుకుని రేడియేటర్ మూత మీదికి పోవడమే. తెట్టు దగ్గర ఆ అబ్బాయి కూడా తువ్వాలు చుట్టుకున్నాడట. "ఒరే నాయనా, పొగ తగ్గనీరా" అని మామిడికాయల అమ్మే చెయ్యి పట్టుకుని లాగిందట.

మరి ఏం చేయాలి? ముల్లు మామూలు చోటు దాటి పైకి పోతుంటే ముందు ఏసీ ఆపండి. పొగ లేకపోతే, అద్దాలు దించి హీటర్ ఫుల్లుగా పెట్టండి. ఎండలో హీటరేంటని నవ్వుతారు గానీ, ఇంజిన్ వేడిలో కొంత ఆ దారిన బయటికి పోతుంది. అదీ బండిని ఎడమకు తీసి ఆపే దాకానే. ముల్లు ఎర్ర గీతకు చేరినా, ఆవిరి కనిపించినా, అప్పుడే ఎడమకు తీసి ఇంజిన్ ఆపేయాలి. నాలుగు ఇండికేటర్ లైట్లూ ఒకేసారి వెలిగేలా వేయాలి. అందరూ ఎడమ పక్క నుంచే దిగి రోడ్డుకు దూరంగా నీడకు పోవాలి. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే ముందు వాళ్లకు నీళ్లు, నీడ. హైవే మీద 1033కి ఫోన్ చేస్తే సాయం పంపుతారు. ఆ నంబరు చాలామందికి తెలియదు. మనుషులకు బాగాలేకపోతే 108 ఉండనే ఉంది.

బానెట్ ఆవిరి ఆగాకే ఎత్తాలి. బండి ఆపినా ఫ్యాన్ దానంతట అదే తిరగొచ్చు, చేతులు దూరంగా పెట్టండి. అరగంట, ముక్కాలు గంట అయినా ఆగాలి. పై హోస్ పైపును జాగ్రత్తగా తాకి చూసి, వేడి పోయి, వత్తితే మెత్తగా అనిపిస్తే అప్పుడు మందపాటి గుడ్డ వేసి మూతను కొంచెం కొంచెంగా తిప్పాలి. బుస్సుమని శబ్దం వస్తే అక్కడే ఆపి, అది తగ్గాక తీయాలి. నీళ్లు పోసేటప్పుడు కూడా గుమ్మరించొద్దు. కాలిన పెనం మీద చన్నీళ్లు పోస్తే ఏమవుతుందో ఇంజిన్‌కూ అదే అవుతుంది, పగుళ్లు పడతాయి. బయటి నుంచి ఇంజిన్ మీద బకెట్లతో నీళ్లు కొట్టడం ఇంకా ప్రమాదం. పోసిన నీళ్లు పోసినట్టే కింద కారిపోతుంటే ఇక బండిని కదిలించొద్దు, క్రేన్ పిలిపించండి. క్రేన్‌కు ఐదారు వేలు ఎక్కువనిపిస్తుంది. హెడ్‌కు అయ్యే ఖర్చు ముందు అది తక్కువే.

ఇప్పుడు నీళ్ల దగ్గరికి వస్తాను. నా షాపుకు వచ్చే బండ్లలో ఎక్కువ వాటికి అసలు రోగం ఇదే. మన వైపు బోరు నీళ్ల సంగతి నేను చెప్పక్కర్లేదు. కనిగిరి, పామూరు వైపు ఫ్లోరైడ్ నీళ్ల బాధ లోకమంతా తెలుసు. ఉదయగిరి వైపు బోరు నీళ్లతో పప్పు ఉడకదు. సముద్రం పక్కన అయితే నేరుగా ఉప్పు నీళ్లే. ఆ నీళ్లే జనం రేడియేటర్‌లో పోస్తున్నారు. స్నానానికి నీళ్లు కాచే కరెంటు రాడ్డు మీద తెల్లటి గార పేరుకోవడం మీరంతా చూసే ఉంటారు. రాడ్డు బయట ఉంది కాబట్టి కనిపిస్తుంది, గీకుతాం. అదే గార రేడియేటర్ గొట్టాల్లో లోపల పట్టుకుంటుంది. ఇప్పటి రేడియేటర్ కోర్‌లో, అంటే గొట్టాలుండే మధ్య భాగంలో, ఒక్కో గొట్టం అగ్గిపుల్ల మందమే ఉంటుంది. అందులో గార పట్టాక నీళ్లు పోయే దారి ఎంత మిగులుతుంది?

మొన్న రొయ్యలు తోలే ఒక చిన్న ట్రక్కు వచ్చింది. డ్రైవరు కుర్రాడు కష్టజీవి, తెల్లవారుజామున మూడింటికి చెరువుల దగ్గర ఉంటాడు. రేడియేటర్‌లో నీళ్లు తగ్గినప్పుడల్లా చెరువు గట్టు మీద బోరు నీళ్లే పోశాడు. కోర్ విప్పి కోసి చూపించాను. గొట్టాల గోడలు చేత్తో నలిపితే తెల్లటి పొడిగా రాలాయి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే జల్లెడలా ఉంది. వాడు చాలాసేపు ఆ ముక్కను చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. "ఇంత తినేస్తాయా అన్నా నీళ్లు" అన్నాడు. ఆ ముక్కను పారేయకుండా షాపు ముందు వేలాడదీశాను, వచ్చినవాళ్లకు మాటలకన్నా అది తొందరగా అర్థమవుతోంది.

ఈ అలవాటు అంబాసిడర్ కాలం నుంచి వచ్చింది. అప్పటి రేడియేటర్లు రాగి, ఇత్తడి. గార పడితే పై ట్యాంకు టంకం విప్పి, సన్నటి పట్టీలు గొట్టాల్లో దూర్చి శుభ్రం చేసి మళ్లీ అతికేవాళ్లం. ఏ నీళ్లు పోసినా కొన్నేళ్లు ఓర్చుకునేవి. నాకు అన్నం పెట్టింది ఆ పనే. ఇప్పుడు కోర్ అల్యూమినియం, ట్యాంకులు ప్లాస్టిక్కు. పుండు పడితే టంకం అతుక్కోదు, చాలాసార్లు మొత్తం మార్చాల్సిందే. బండ్లు మారాయి గానీ నీళ్ల డబ్బా పట్టుకునే చెయ్యి మారలేదు.

"కూలెంట్ మంచు పడే దేశాలకు గదా, మనకెందుకు?" అని చదువుకున్నవాళ్లే అడుగుతారు. కూలెంట్ అంటే రేడియేటర్ నీళ్లలో కలిపే ద్రవం, గడ్డకట్టకుండా చూడటం దాని పనుల్లో ఒకటి మాత్రమే. అది నీళ్లు మరిగే వేడిని పెంచుతుంది. లోపల తుప్పు పట్టకుండా, అల్యూమినియాన్ని నీళ్లు తినేయకుండా మందులు అందులో ఉంటాయి. కొన్నేళ్లకు ఆ మందుల బలం తగ్గిపోతుంది, అందుకే కంపెనీ పుస్తకంలో చెప్పిన గడువుకు మార్చాలి. చిక్కగా ఉండేది కొంటే బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపాలి. కలిపి అమ్మేది కొంటే నీళ్లు అక్కర్లేదు. ఎక్కువ పోస్తే ఎక్కువ చల్లదనం అని నీళ్లు లేకుండా కూలెంట్ ఒక్కటే పోసేవాళ్లూ ఉన్నారు, అది తప్పు. వేడిని మోయడంలో నీళ్లే దానికన్నా మేలు. ఇంకొకటి, ఆకుపచ్చ, ఎరుపు, నీలం అని రంగు చూసి కొనకండి. రంగు ఒక్కో కంపెనీకి ఒక్కో తీరు. మీ బండి పుస్తకంలో ఏ రకం రాశారో అదే కొనండి. దారిలో వేరే దిక్కు లేకపోతే తాగే వాటర్ బాటిల్ నీళ్లు పోయండి. ఊరు చేరాక అవి తీయించి సరైనది పోయించుకోండి.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. పాత కూలెంట్ తీసి పళ్లెంలో పెట్టి వదిలేయకండి, కాలవలో పోయకండి. అది తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు, దూడలు నాకుతాయి. పిల్లలున్న ఇంట్లో కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టడం మరీ ప్రమాదం.

ఇక బయటి వైపు. నెల్లూరు జిల్లాలో కోతల సమయంలో రోడ్ల మీద ఎగిరే పొట్టూ, దూగరా అంతా ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో చేరుతుంది. ముందు నుంచి చూస్తే అంతా శుభ్రంగా కనిపిస్తుంది. విప్పితే మధ్యలో దుప్పటి పరిచినట్టు ఉంటుంది. చీమకుర్తి గ్రానైట్ లారీల దారిలో తిరిగే బండ్లకు అదే దుమ్ము పేస్టులా గట్టిపడుతుంది. ఎండాకాలం మొదట్లో ఒకసారి ఈ సందు కడిగించుకోండి. వాటర్ సర్వీసులో ఒత్తిడి గొట్టం దగ్గర పెట్టి కొట్టనివ్వకండి, సన్నటి రేకులు వంగిపోయి గాలి దారి మూసుకుపోతుంది. మెల్లటి ధారతో లోపలి వైపు నుంచి బయటికి కడగాలి.

మీ బండికి ఏ జబ్బో మీరే కొంత పట్టుకోవచ్చు. ట్రాఫిక్‌లోనో టోల్‌గేటు దగ్గరో నిలబడితే ముల్లు పెరిగి, బండి కదిలాక తగ్గుతుంటే ఎక్కువగా ఫ్యాన్ తప్పు. మోటారో, రిలేనో, ఫ్యూజో పోయి ఉంటుంది. ఏసీ వేసి బానెట్ ఎత్తితే చాలా బండ్లలో ఫ్యాన్ తిరగాలి. నిలబడినప్పుడు బాగానే ఉండి హైవే మీద స్పీడు పెరిగాకో, దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడో వేడెక్కుతుంటే రేడియేటర్ మూసుకుపోయిందనో, నీళ్లు తిరగడం తగ్గిందనో అర్థం. ఎక్కడా కారకుండానే నీళ్లు తగ్గుతూ, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తూ, ఆయిలు మూత కింద మీగడలాంటిది కనిపిస్తే హెడ్ గ్యాస్కెట్ పోయిందేమో వెంటనే చూపించుకోవాలి.

మా పనివాళ్ల తప్పు కూడా చెప్పకపోతే ఈ ఉత్తరం రాసే హక్కు నాకుండదు. బండి వేడెక్కుతోందంటే కారణం వెతకకుండా థర్మోస్టాట్ వాల్వు, అంటే ఇంజిన్ వేడెక్కాకే నీళ్లను రేడియేటర్‌కు వదిలే వాల్వు, తీసి పారేసేవాళ్లు మాలో ఉన్నారు. నేనూ మొదట్లో అది చేశాను, ఉస్తాదులు అలాగే నేర్పారు. వాల్వు తీస్తే ఇంజిన్‌కు కావాల్సినంత వేడి ఎప్పటికోగానీ రాదు, మైలేజీ పడిపోతుంది, లోపల అరుగుతుంది. కొన్ని ఇంజిన్లలో నీళ్లు తిరిగే దారే మారిపోయి వేడి ఇంకా పెరుగుతుంది. అసలు జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. వాల్వు పాడైతే కొత్తది వేయించుకోండి. మెకానిక్ తీసేస్తానంటే వద్దని చెప్పండి. కారణం చెప్పకుండా ఫ్యాన్‌ను డైరెక్ట్ చేస్తానన్నా, అంటే ఎప్పుడూ తిరిగేలా నేరుగా కరెంటు కలుపుతానన్నా, అంతే.

మా అబ్బాయిని ఈ మధ్యే ఒక డ్రైవింగ్ స్కూల్‌లో చేర్పించాను. 20 రోజులు నేర్పారు. రివర్స్, హాఫ్ క్లచ్ అన్నీ బాగానే నేర్పారు గానీ, ఒక్క రోజూ బానెట్ ఎత్తి ఇదిగో ఈ డబ్బాలో నీళ్లు ఈ గీతకూ ఈ గీతకూ మధ్య ఉండాలి అని చూపలేదు. పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆ డబ్బా వైపు ఒక్క చూపు చూడటానికి నిమిషం కూడా పట్టదు. అది తెలియని పిల్లలు పెళ్లిళ్లకూ తిరుపతికీ అమ్మానాన్నలను ఎక్కించుకుని బయల్దేరుతున్నారు. నేర్పే స్కూళ్లవాళ్లు ఈ ఒక్కటి కలుపుకోవాలని వాళ్లను కూడా మీ పేపరు ద్వారా వేడుకుంటున్నాను.

నా కోరికలు రెండే. వడదెబ్బ జాగ్రత్తలు వేసిన రోజే ఆ పక్కన చిన్న పెట్టెలో కార్ల జాగ్రత్తలు, 1033 నంబరు వేయండి. రాయడానికి సాయం కావాలంటే నేనూ, నా స్నేహితుడైన ఇంజిన్ మెకానిక్కూ మీ విలేకరితో కూర్చుంటాం. రెండోది చలివేంద్రాలు పెట్టే పుణ్యాత్ములకు. హైవే పక్కన చలివేంద్రం పెట్టినప్పుడు తాగే కుండల పక్కన ఒక మూత డబ్బాలో మంచినీళ్లు బండ్ల కోసం కూడా ఉంచండి. పందిరి ఒక నాలుగు మూరలు పొడిగించి, బండి ఆగిపోయినవాళ్లు కూర్చునేందుకు ఒక బల్ల వేయండి. ఆ రోజు మామిడికాయల అమ్మ పట్టా లేకపోతే ఆ బిడ్డ ఏమయ్యేదోనని నాకు ఇప్పటికీ టెన్షన్‌గానే ఉంటుంది.

మా బజారులో చలివేంద్రం నడిపే పెద్దమనిషిని అడిగితే వెంటనే ఒప్పుకున్నారు. బైపాస్ దగ్గర వేప చెట్టు కింద చోటు చూశాం. నా షాపు నుంచి 20 లీటర్ల క్యాన్లు రెండు ఇస్తున్నాను, ప్లాంటు నీళ్లు రోజూ నేనే నింపుతాను. కోసిన ఆ రేడియేటర్ ముక్కను కూడా అక్కడే చెట్టుకు కడతాను. పెయింటర్ బోర్డు రాసి ఇవ్వడమే మిగిలింది.

ఇట్లు,
ఒక రేడియేటర్ మెకానిక్,
కావలి.